‘మా వంశంలోనే ఉంది మేడం’: వైరస్‌తో వచ్చే క్యాన్సర్లపై అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఓపీ చూసే నాకు ఈ మాట వినని నెల లేదు. మొన్న ఆదోని దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చింది. "మా అమ్మకు గర్భసంచి క్యాన్సర్, మా పెద్దమ్మకూ అదే. మా వంశంలోనే ఉంది మేడం, ఇంక టెస్టు చేసి ఏం లాభం?" అంది. పక్కనే కూర్చున్న వాళ్లత్త అవునన్నట్టు తలూపింది.

అపోహ: ఇంట్లో ఇద్దరికి వస్తే అది వంశపారంపర్యమే, తప్పించుకోలేం.

ఆమె గర్భసంచి క్యాన్సర్ అన్నది గర్భసంచి ముఖద్వారానికి వచ్చేది. ఈ క్యాన్సర్లు దాదాపు అన్నీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చేవే. అందులో 16, 18 అనే రెండు రకాలే నూటికి 70 కేసులకు కారణం. ఈ సంబంధాన్ని బయటపెట్టిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడే మేం డాక్టర్లం కూడా ఒక తప్పు చేస్తాం. "ఇది వైరస్ అమ్మా, వంశానికి సంబంధం లేదు" అని ఒక్క మాటతో పంపించేస్తాం. అది పూర్తి నిజం కాదు. స్వీడన్‌లో కుటుంబాల రికార్డులు తిరగేసి 1999లో ఒక లెక్క తీశారు. కన్నతల్లికో, తోడబుట్టిన వాళ్లకో ఈ జబ్బు ఉంటే ఆ ఆడమనిషికి ముప్పు దాదాపు రెట్టింపు. పెంపుడు తల్లికి ఉంటే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఒకే ఇంట్లో బతకడం కాదు, రక్తసంబంధమే లెక్కకు వచ్చిందన్నమాట.

ఎందుకు? ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. దొంగను చూసినవాడు పోలీసులకు పోలికలు చెప్పినట్టు, కణంలో దూరిన వైరస్ ముక్కను ఇవి రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. ఈ జన్యువులు మనిషికీ మనిషికీ మారతాయి. కొందరి హెచ్‌ఎల్‌ఏ పోలికలు సరిగ్గా చెప్తుంది, కొందరిది తడబడుతుంది. హెచ్‌పీవీ సోకిన ఆడవాళ్లలో ఎక్కువ మందికి ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన చోటే ప్రమాదం. జన్యువుల పెత్తనం ఎక్కువగా ఈ దశలోనే. అయితే రెట్టింపు అనగానే బెంబేలు పడొద్దు. తక్కువ ముప్పు రెట్టింపయినా తక్కువే.

అపోహ: అన్నదమ్ములందరికీ లివర్ జబ్బు వచ్చిందంటే అది రక్తంలోని దోషం.

ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములకు లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి అనే వైరస్ ఉంది. పెద్దాయనకు లివర్ క్యాన్సర్ దాకా పోయింది. అంతకుముందు పసరు మందుతో ఎన్ని నెలలు పోగొట్టుకున్నారో అడగొద్దు. "మా నాయనకూ లివరే పోయింది సార్, మా రక్తమే అంత" అని మా ఫిజీషియన్‌తో అన్నారట. వాళ్లమ్మకు రక్త పరీక్ష చేయిస్తే ఆమెకూ పాజిటివ్. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది 5 శాతం లోపే. వాళ్లకు తల్లి నుంచి వచ్చింది చాలావరకు వైరస్సే అన్నమాట.

ఇందులోనూ హెచ్‌ఎల్‌ఏ చేయి ఉంది. ఆ గుంపులోని హెచ్‌ఎల్‌ఏ-డీపీ అనే జన్యువుల్లో తేడాలున్న వాళ్లలో హెపటైటిస్ బి మొండికేసే అవకాశం మారుతుందని జపాన్ వాళ్లు 2009లోనే చూపించారు. కానీ ఆ ఇంటికి నేను చెప్పగలిగే మాట ఒకటే: అందరికీ పరీక్ష, లేనివాళ్లకు టీకా, ఆ ఇంట్లో పుట్టే బిడ్డకు 24 గంటల్లోపు మొదటి డోసు. తల్లికి పాజిటివ్ ఉంటే బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే ప్రతిరోధకాల) ఇంజెక్షన్ కూడా.

అపోహ: మేనరికం చేసుకుంటే క్యాన్సర్ వస్తుంది.

మన సీమలో మేనమామ సంబంధాలు మామూలే కాబట్టి ఈ టెన్షన్ కూడా మామూలే. సాధారణ క్యాన్సర్లకు ఈ మాట వర్తించదు. ఒక అరుదైన జబ్బులో మాత్రం నిజం ఉంది. ఎవర్1, ఎవర్2 అనే జన్యువుల్లో ఏదో ఒకటి అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ చెడిపోయి వస్తే, మిగతావాళ్లను ఏమీ చేయని హెచ్‌పీవీ 5, 8 రకాలు ఆ బిడ్డ చర్మం మీద చిన్నతనంలోనే స్థిరపడతాయి. చూడటానికి శోభి మచ్చల్లా ఉంటాయి. పెద్దయ్యాక ఎండ తగిలే చోట అవి క్యాన్సర్‌గా మారొచ్చు. దగ్గరి సంబంధాల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువ. ఏళ్లుగా శోభి మందు రాసినా తగ్గని పిల్లవాడుంటే చర్మం డాక్టరుకు చూపించండి. మన ఎండల్లో నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

అపోహ: జీన్ టెస్టు చేయిస్తే ముందే తెలిసిపోతుంది.

వేలు పోసి బీఆర్‌సీఏ అనే జన్యువుల రిపోర్టు పట్టుకొని వచ్చేవాళ్లున్నారు. అది రొమ్ము, అండాశయం క్యాన్సర్లకు. ముఖద్వారం క్యాన్సర్ ముప్పు దాంతో తేలదు. హెచ్‌ఎల్‌ఏ టెస్టు చేసి నీకు వస్తుంది, రాదు అని చెప్పే పద్ధతి కూడా లేదు.

అపోహ: వంశంలో ముఖద్వారం క్యాన్సర్ ఉన్నప్పుడు హెచ్‌పీవీ టీకా పనిచేయదు.

జన్యువుల బలాబలాలు తేలేది వైరస్ లోపలికి వచ్చాక. టీకా పని అంతకంటే ముందే, వైరస్‌ను రానీయకపోవడం. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే మేలు. మన దేశంలో తయారైన సర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా 2023లో వచ్చింది. అయితే అప్పటికే ఉన్న వైరస్‌ను ఏ టీకా తీసేయదు. టీకా వేసుకున్నా 30 దాటాక ముఖద్వారం పరీక్ష మానకూడదు.

ఆదోని ఆమెకు అదంతా చెప్పి, ముఖద్వారానికి పలచని ఎసిటిక్ యాసిడ్ పూసి చూసే పరీక్ష చేశాను. కొన్ని నిమిషాల పని. అనుమానించాల్సిన చోటుంటే తెల్లమచ్చ తేలుతుంది, ఆమెకు ఏమీ రాలేదు. బయటికి పోతూ వాళ్లత్త, "నాకు ముట్టు నిలిచి పదేళ్లయింది, నాకైతే అక్కరలేదు కదమ్మా?" అంది. 65 ఏళ్ల దాకా చేయించుకోవాలని చెప్పి ఆమెను కూడా టేబుల్ ఎక్కించాను.