అనంతపురం ఎండల్లో ఐసోపాడ్లు: టెర్రేరియం పెంపకంలో అపోహలు - వాస్తవాలు

టెర్రేరియంలు, అంటే మొక్కలు పెంచే గాజు తొట్టెలు, కట్టి ఇవ్వడం నా వృత్తి. రాలిన ఆకులనూ కుళ్లిన కాండాలనూ తిని మట్టిలో కలపడానికి వాటిలో ఐసోపాడ్లు అనే చిన్న నేల జీవులను వదులుతాను. వీటి గురించి ప్రచారంలో ఉన్న జాగ్రత్తల్లో చాలావరకు చలిదేశాలకు సరిపోయేవి. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండి, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో వాటిని ఉన్నవున్నట్టు పాటిస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ.

అపోహ: ఇవి పురుగులు. తొట్టె దాటితే ఇల్లంతా వ్యాపిస్తాయి.

వాస్తవం: ఐసోపాడ్లు కీటకాలు కావు. రొయ్యలు, పీతలు ఏ వర్గానికి చెందుతాయో ఇవీ ఆ వర్గానివే, కాకపోతే నేల మీద బతకడం నేర్చాయి. కొన్ని రకాలు ముట్టుకోగానే ఉండలా చుట్టుకుంటాయి కనుక రోకలిబండ పిల్లలని పొరబడేవారున్నారు. రోకలిబండకు చాలా ఖండాల్లో రెండేసి జతల కాళ్లుంటాయి, ఎదిగిన ఐసోపాడ్‌కు మొత్తం ఏడు జతలే. కుట్టడం, విషం చిమ్మడం వీటికి తెలియవు. పొట్ట అడుగున, తోక వైపు ఉండే పలుచని రేకులతో ఇవి శ్వాసిస్తాయి. ఆ రేకులు తడిగా ఉన్నంతసేపే శ్వాస సాగుతుంది. పైగా కీటకాల ఒంటి మీద ఉండే మైనపు పూత వీటికి దాదాపు లేదు కాబట్టి, ఏప్రిల్‌లో పొడి గచ్చు మీదికి వచ్చిన ఐసోపాడ్ ఇల్లంతా వ్యాపించడం మాట అటుంచి, వంటగది దాకా చేరడమే కష్టం.

అపోహ: తడి మీద బతికే జీవి కాబట్టి ఎంత నీరు పోస్తే అంత మంచిది.

వాస్తవం: మన ఊళ్లలో ఐసోపాడ్లు ఎండకంటే ఎక్కువగా ఈ నమ్మకం వల్లే చనిపోతున్నాయని నా అభిప్రాయం. వేసవి రాగానే కంగారుపడి పూటకోసారి నీళ్లు చల్లి, ఆవిరి పోకుండా మూత బిగిస్తారు. అడుగు మట్టి బురదై గాలి ఆడక కుళ్లుతుంది. ఐసోపాడ్లు తమ ఒంటి వ్యర్థాన్ని చాలావరకు అమోనియా వాయువు రూపంలో వదులుతాయి కనుక, మూసిన పెట్టెలో ఆ వాయువు పోయే దారి కూడా ఉండదు. ఇవి నేల జీవులు, నీటిలో మునిగితే చనిపోతాయి కూడా.

చేయవలసింది తొట్టెను రెండు భాగాలుగా చూడటం. ఒక వైపు స్ఫాగ్నమ్ నాచు పరిచి దాన్ని మాత్రమే తడపాలి, రెండో వైపు ఎండుటాకులు, బెరడు ముక్కలు వేసి పొడిగా ఉంచాలి. ఎప్పుడు ఏ వైపు ఉండాలో అవే తేల్చుకుంటాయి. ఉదయం మూత తీసినప్పుడు అన్నీ నాచు కిందే కిక్కిరిసి ఉంటే తడి చాలడం లేదని, అన్నీ గాజు గోడలెక్కి ఉంటే తడి మితిమీరిందని గ్రహించవచ్చు. గాలి కోసం ఎదురెదురు పక్కల సన్నని జాలీ బిగించిన రంధ్రాలుండాలి. తొట్టెను మిద్దె కింద వేడెక్కే పై గదిలో కాక, కింది గదిలో నాపరాయి గచ్చు మీద, ఎండ తగలని మూల పెట్టాలి. చల్లే నీటి విషయంలోనూ ఒక మాట. మన బోరు నీళ్లలో లవణాలెక్కువ. నీరు ఆవిరైనా లవణాలు మట్టిలోనే మిగిలి పేరుకుంటాయి. గాజు మీద కనిపించే తెల్లని చార దానికి సాక్ష్యం. వాన నీరు గానీ ఆర్వో నీరు గానీ వాడటం మేలు.

అపోహ: చెత్త తిని బతుకుతాయి, వేరే ఆహారం అక్కర్లేదు.

వాస్తవం: ఎండుటాకులే వీటి ప్రధాన ఆహారం, అవి ఎప్పుడూ తరగకూడదు. బాదం ఆకులు శ్రేష్ఠం, మామిడి, జామ ఆకులూ పనికొస్తాయి. చీనీ తోటల్లో, వేరుశనగ చేలల్లో మందు కొట్టడం మామూలు కాబట్టి అక్కడి ఆకులు, పొట్టు తేకండి. వేపాకు కూడా నేను వేయను, అందులోని అజాడిరాక్టిన్ కీటకాల్లో కుబుసం విడిచే ప్రక్రియను దెబ్బతీస్తుంది, ఐసోపాడ్లూ కుబుసం విడిచేవే. వారానికోసారి ఉప్పు లేని ఎండు రొయ్యల పొడి చిటికెడు వేస్తే మాంసకృత్తులు అందుతాయి. అంతకు మించితే నల్లి జాతి పురుగులు చేరతాయి. బూజు సంగతి చూసేది ప్రధానంగా స్ప్రింగ్‌టెయిల్స్ అనే అతి చిన్న నేల జీవులు, వాటిని కూడా వదలడం మంచిది.

సున్నం కోసం కడప బండ ముక్క వేస్తే చాలంటారు. అది సున్నపురాయే, అడుగున చల్లగా దాక్కోవడానికీ పనికొస్తుంది, అయితే కోడిగుడ్డు పెంకుల పొడి తినడం వాటికి చాలా సులువు.

అపోహ: ఒళ్లు సగం తెల్లబడితే జబ్బు, నీలం రంగు తేలితే అరుదైన రకం.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. ఐసోపాడ్ కుబుసాన్ని రెండు విడతలుగా విడుస్తుంది, ముందు వెనుక సగం, కొంత వ్యవధి తర్వాత ముందు సగం. సగం ఒళ్లు తెల్లగా కనిపించేది అందుకే. కుబుసం విడిచే ముందు భూతద్దంతో పొట్ట వైపు చూస్తే, ముందరి కాళ్ల నడుమ సున్నపు బిళ్లల్లాంటి తెల్లని మచ్చలు కనిపిస్తాయి. పాత పెంకు నుంచి తీసి దాచుకున్న కాల్షియం అది, కొత్త పెంకు గట్టిపడటానికి తిరిగి వాడుకుంటుంది. విడిచిన కుబుసాన్ని కూడా తినేస్తుంది కాబట్టి దాన్ని చెత్త అనుకుని ఏరిపారేయకూడదు. మామూలు బూడిద రంగు ఐసోపాడ్ ఉన్నట్టుండి మెరిసే నీలం, ఊదా రంగుల్లోకి మారితే అది ఇరిడోవైరస్ లక్షణం, ప్రాణాంతకం. దాన్ని వెంటనే వేరు చేయాలి. పుట్టుకతోనే బూడిద నీలంగా ఉండే పౌడర్ బ్లూ రకానికి ఈ భయం వర్తించదు.

అపోహ: మొక్కలను కొరికేస్తాయి.

వాస్తవం: ఆకులు సమృద్ధిగా ఉంటే ఆరోగ్యమైన మొక్క జోలికి సాధారణంగా రావు. పెద్ద పోర్సెల్లియో రకాలు ఆకలైతే లేత మొలకలను కొరకవచ్చు, చిన్న టెర్రేరియంలో వాటిని వేయకపోవడమే మంచిది. నాలుగైదు మిల్లీమీటర్లకు మించని డ్వార్ఫ్ వైట్ రకం మొక్కలకు నిరపాయం. వీటిలో ఆడవి మగవాటి అవసరం లేకుండానే పిల్లలను పెడతాయి. తల్లి పొట్ట కింది సంచిలోంచి బయటికొచ్చిన పిల్లకు మొదట ఆరు జతల కాళ్లే ఉంటాయి, ఏడో జత కుబుసం విడిచాక వస్తుంది. పిల్లలు ఎక్కువైతే మరో డబ్బాలోకి మార్చండి లేదా పెంచేవారికివ్వండి. బయటి దేశాల రకాలను పెరట్లోనో కుంట గట్టునో వదలవద్దు.