కళ్ళు పచ్చబడకపోతే మెదడుకు ఏమీ కానట్టేనా?

"మందులు సరిగ్గానే వేసుకుంటున్నాడు డాక్టర్ గారూ, చదువు దగ్గరే బద్ధకం." దీర్ఘకాలిక లివర్ జబ్బున్న పిల్లల్ని చూసే మాకు ఈ మాట కొత్త కాదు. విన్నప్పుడల్లా చిరాకేస్తుంది. ఆ తల్లిదండ్రుల మీద కాదు, "కామెర్లు లేవుగా, మెదడుకు ఢోకా లేదు" అని వాళ్ళకు ధైర్యం చెప్పి పంపినవాళ్ళ మీద.

అపోహ: కళ్ళు పచ్చగా లేవు, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగుంది, కాబట్టి చదవకపోవడం బద్ధకమే.

వాస్తవం: మెదడును ఇబ్బంది పెట్టేది ముఖ్యంగా అమ్మోనియా. అది పేగుల్లో తయారై పోర్టల్ వెయిన్ అనే రక్తనాళం ద్వారా లివర్‌కు చేరుతుంది, అక్కడ యూరియాగా మారిపోతుంది. లివర్ పాడైతే ఈ పని కుంటుపడుతుంది. లివర్ బాగానే ఉండి, రక్తం దాన్ని తప్పించుకుని పక్కదారిన పోయినా జరిగేది అదే. పోర్టల్ వెయిన్ మూసుకుపోయిన పిల్లలు, పుట్టుకతోనే షంట్ (రక్తం లివర్‌కు వెళ్ళకుండా పోయే అడ్డదారి) ఉన్న పిల్లలు ఈ రెండో రకం. వీళ్ళకు సాధారణంగా కళ్ళు పచ్చబడవు, ఎల్‌ఎఫ్‌టీ దాదాపు నార్మల్‌గా వస్తుంది. అయినా మినిమల్ హెపాటిక్ ఎన్‌కెఫలోపతీ, అంటే అమ్మోనియా లాంటివాటి వల్ల మెదడు పైకి కనబడకుండా మందగించడం, ఉండొచ్చు. బిడ్డ చక్కగా మాట్లాడతాడు, ఆడుకుంటాడు, మా మామూలు పరీక్షకూ దొరకడు. ఏకాగ్రత, వేగం, జ్ఞాపకం కొలిచే సైకోమెట్రిక్ పరీక్షలు చేస్తేనే బయటపడుతుంది. ఇంట్లో కనిపించేవి మాత్రం కొన్ని ఉంటాయి: ఎంతకీ తెమలని హోంవర్క్, పగలు మత్తు, రాత్రి మెలకువ, ఊరికే విసుగు.

పోర్టల్ వెయిన్ మూసుకుపోయిన ఒక అబ్బాయికి ఇంట్లోవాళ్ళు ట్యూషన్లు మారుస్తూనే పోయారు, తిట్లు సరేసరి. "కింది లైను చదివేసరికి పై లైను మర్చిపోతున్నా" అన్నాడు నాతో. అప్పటిదాకా వాణ్ణి ఆ సంగతి ఎవరూ అడగనేలేదు. మీసో-రెక్స్ బైపాస్ చేసి రక్తాన్ని తిరిగి లివర్‌కు మళ్ళించాక, క్లాసులో ఫస్టు రాలేదు గానీ హోంవర్క్ తనంతట తనే ముగిస్తున్నాడు. ఈ ఆపరేషన్ అందరికీ కుదరదు, రక్తనాళాల తీరు అనుకూలించాలి.

అలాగని ప్రతి తక్కువ మార్కుకూ అమ్మోనియానే కారణం కాదు. దురదతో నిద్రపట్టని రాత్రులు, ఆసుపత్రి చుట్టూ తిరిగి పోగొట్టుకున్న క్లాసులు, పైత్యరసం పారక ఏర్పడే విటమిన్ ఇ లోపం, పసితనంలో చాలని పోషణ, ఇవన్నీ కలుస్తాయి. అయిదేళ్ళు దాటిన పిల్లల్లో చేతిరాత పాడవుతూ, మాట ముద్దవుతూ, చదువు వెనకబడితే విల్సన్ జబ్బు (లివర్‌లో, మెదడులో రాగి పేరుకుపోయే జబ్బు) ఉందేమో తప్పక చూడాలి. దానికి మందులున్నాయి, ఆలస్యమే ప్రమాదం.

ఇక మిగతా అపోహలు. ప్రొటీన్ తగ్గించాలన్నది పాత మాట. అమ్మోనియాను కండరాలు కూడా వదిలిస్తాయి. ప్రొటీన్ ఆపితే కండ కరుగుతుంది, ఎదుగుదలా ఆగుతుంది. ఈ పిల్లలకు మామూలు పిల్లల కంటే ఎక్కువే కావాలి. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకండి, పడుకునే ముందు ఏదైనా తినిపించండి.

లాక్టులోజ్ విరేచనాల మందు మాత్రమే అనుకుని మానేస్తుంటారు. అది ఇచ్చేది అమ్మోనియాను తగ్గించడానికి. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా అయ్యేలా డోసు సరిచేసుకోవాలి. నీళ్ళ విరేచనాలైతే వెంటనే మాకు చెప్పాలి, ఒంట్లో నీరు తగ్గితే మత్తు ఇంకా పెరుగుతుంది.

అమ్మోనియా రిపోర్టులో అంకె పెరిగిందని టెన్షన్ పడి అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్ళను నేనేమీ అనను. కానీ శాంపిల్‌ను ఐస్‌లో పెట్టకపోయినా, ల్యాబ్‌కు ఆలస్యంగా చేరినా ఆ అంకె ఉత్తినే పెరుగుతుంది. ముందు బిడ్డను చూడండి. మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, లేపితే లేవకపోయినా రిపోర్టు కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకురండి.

ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక అంతా మామూలైపోతుందా? మత్తు తొలగుతుంది, చాలామంది మామూలు బళ్ళలోనే చదువుకుంటారు. కొందరిలో ఏకాగ్రత, పని ఒక వరుసలో చేసుకోవడం బలహీనంగానే మిగులుతాయి. బడిలో చేర్చే ముందే చైల్డ్ సైకాలజిస్టు చేత పరీక్ష చేయించండి. రేపు పరీక్షల్లో అదనపు సమయం అడగాలన్నా ఆ రిపోర్టే పనికొస్తుంది.