నాకింగ్‌ని సెన్సార్‌కి వదిలేయకండి

పిల్లలూ,

పెద్ద టర్బో పెట్టించాం, అది లోపలికి తోసే గాలి ఒత్తిడి (బూస్ట్) పెంచాం, పికప్ అదిరిపోతోంది అని మీరు రాస్తే సంతోషమే. కానీ నాకింగ్ సంగతి చూసుకున్నారా అంటే "అది ఈసీయూ చూసుకుంటుందిలే పెదనాన్నా" అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్‌లో అయితే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే ఆ కంప్యూటర్, చూసుకుంటుంది. మీరు మార్చేసిన ఇంజన్‌లో అది ఏం వింటోందో ముందు మీకు తెలియాలి.

ప్లగ్ స్పార్క్ కొట్టాక మంట సిలిండర్ అంతా సాఫీగా పాకాలి. అది చేరేలోపే చివర మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే భగ్గుమంటే, ఆ ఒత్తిడి అలలు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటాయి. నాకింగ్ అంటే అదే. బూస్ట్ పెంచినా, టైమింగ్ (స్పార్క్ కొట్టే సమయం) ముందుకు జరిపినా, లోపలికెళ్లే గాలి వేడెక్కినా, ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) తక్కువ ఉన్న పెట్రోలు పోసినా ప్రమాదం పెరుగుతుంది. మీరు వీటిలో రెండు మూడు ఒకేసారి చేసేశారు!

ఇంజన్ బ్లాక్‌కి, అంటే సిలిండర్లుండే లోహపు దిమ్మకి, బిగించిన నాక్ సెన్సార్ ఆ అదురుని పట్టుకుంటుంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర వినాలో సిలిండర్ వ్యాసమే చాలావరకు చెబుతుంది: 1800ని పై (π, 3.14) తోనూ, మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసంతోనూ భాగిస్తే సుమారుగా కిలోహెర్ట్జ్ వస్తుంది. 86 మిల్లీమీటర్ల సిలిండర్‌కి 6.7 దగ్గర. ఈసీయూ కూడా ఎప్పుడూ వినదు, స్పార్క్ తర్వాత క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరుగుడులో కొంత భాగంలోనే వింటుంది, మిగతా గోలంతా వదిలేస్తుంది. ఇప్పుడు మీరు ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తే, వాటికీ సిలిండర్ గోడకీ మధ్య సందు ఎక్కువ కాబట్టి చల్లగా ఉన్నప్పుడు టకటకా కొట్టుకుంటాయి. ఇంజన్‌ని పట్టి ఉంచే గట్టి మౌంట్లు, వాల్వులు తెరిచే కొత్త క్యామ్‌లు వేస్తే ఆ చప్పుడు వేరే. ఈసీయూ అదంతా నాకింగే అనుకుని టైమింగ్ వెనక్కి లాగుతుంది. అప్పుడు కొందరు ట్యూనర్లు (ఈసీయూ సెట్టింగులు మార్చేవాళ్లు) చేసే పని నాకు అస్సలు నచ్చదు: గొడవ ఎందుకని సెన్సార్ సెన్సిటివిటీ తగ్గించేస్తారు. ఇక నిజంగా నాకింగ్ వచ్చినా దానికి వినపడదు. అన్నట్టు, సెన్సార్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు కింద వాషర్ వేయకండి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించండి. వదులైనా, అతిగా బిగించినా అది చెప్పే లెక్క మారిపోతుంది.

అందుకే చెవి కూడా కావాలి, అదీ సీట్లో కూర్చుని కాదు. గాలి, టైర్లు, సైలెన్సర్ మోతలో తేలికపాటి నాకింగ్ ఎవరికీ వినపడదు. రాగి గొట్టం ఒక చివర సుత్తితో చదును చేసి, చిల్లు పెట్టి, సెన్సార్ దగ్గరే బ్లాక్‌కి బోల్టుతో బిగించండి. రెండో చివరకి రబ్బరు ట్యూబ్ తొడిగి, చెవులు మూసే ఇయర్ మఫ్‌లోకి తీసుకురండి. మొదట ఇంజన్ గరగర అంతా ఒక్కటిగా వినిపిస్తుంది. దానికి అలవాటు పడ్డాక, లోడ్ పడినప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు ఒక పొడి చప్పుడు విడిగా తెలుస్తుంది. వినేవాడు, నడిపేవాడు ఒక్కడే కాకూడదు. ఇది డైనో (బండిని ఒకేచోట నిలిపి నడిపి కొలిచే యంత్రం) మీదో, ట్రాక్ మీదో చేసే పని, రోడ్డు మీద వద్దు.

లాగ్ (ఈసీయూ లెక్కల రికార్డు) కూడా అక్కడే తీయండి. ఒకే గేర్, ఆర్‌పీఎం కింది నుంచి పై దాకా, ఫుల్ యాక్సిలరేటర్. గేర్ మార్చినప్పుడు ఎక్కడో టైమింగ్ ఒక డిగ్రీ తగ్గితే దానికి టెన్షన్ పడక్కర్లేదు. ప్రతిసారీ అదే ఆర్‌పీఎం దగ్గర, ఇంజన్ వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువగా తగ్గుతోందంటే మాత్రం అనుమానించాలి. తేల్చుకోవడానికి ఆ చోట టైమింగ్ రెండు మూడు డిగ్రీలు తగ్గించి మళ్లీ తీయండి. ఆ తగ్గుదల పోతే నాకింగే. ఏమీ మారకపోతే ఎక్కువగా మెకానికల్ చప్పుడే, అప్పుడు ఏది కొట్టుకుంటోందో వెతకండి.

ప్లగ్‌లు కూడా విప్పి భూతద్దంతో చూడండి. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రేణువులు కనిపిస్తే అది పిస్టన్ లోహమే. ఆ బండిని ఇక లోడ్‌లో నడపొద్దు.

ఈసారి లాగ్ పంపేటప్పుడు గ్రాఫ్ ఫోటో కాదు, అసలు ఫైలే పంపండి. ఆర్‌పీఎం, బూస్ట్, టైమింగ్, ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోలు నిష్పత్తి), ఒక్కో సిలిండర్‌కి టైమింగ్ ఎంత వెనక్కి పోయిందీ (రిటార్డ్), అన్నీ ఉండాలి. బూస్ట్ పెంచాలా వద్దా అన్నది అది చూశాకే మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న