మబ్బు నుంచి నేల దాకా: వాన, మంచు, వడగళ్లపై అపోహలు - వాస్తవాలు

పొద్దున్నే వర్షమాపకం చూసి మిల్లీమీటర్లు రాసుకోవడం, ఆకాశంలో ఉన్నవి ఏ రకం మబ్బులో నమోదు చేయడం నా ఉద్యోగం. ఆ సంగతి తెలిసినవాళ్లు నాతో తరచూ అనే మాటలివి.

అపోహ: మబ్బులు గుద్దుకుంటే వాన పడుతుంది.

గుద్దుకునేది మబ్బులు కాదు, మబ్బు లోపలి నీటి బిందువులు. ఒక్కో బిందువు అడ్డుకొలత సుమారు 0.02 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల మామూలు చినుకు ఒకటి తయారు కావాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి. వెచ్చటి మబ్బుల్లో కాస్త పెద్ద బిందువు కిందికి జారుతూ, దారిలో తగిలిన చిన్నవాటిని కలుపుకుంటూ చినుకవుతుంది. చల్లటి మబ్బుల్లో కథ వేరు.

అపోహ: సున్నా డిగ్రీలకు దిగితే నీరు గడ్డకట్టి తీరుతుంది.

మబ్బులో అలా జరగదు. గడ్డకట్టడానికి బిందువుకు తగిన దుమ్ము రేణువు లాంటి ఆధారం ఏదైనా కావాలి. అది దొరక్కపోతే మైనస్ 38 డిగ్రీల దాకా నీరుగానే ఉండిపోగలదు. అలాంటి బిందువుల మధ్య ఒక్క మంచు పలుకు పుట్టిందా, చుట్టూ ఉన్న నీరు ఆవిరైపోతూ ఆ పలుకు మీద పేరుకుంటుంది. బరువెక్కి రాలుతుంది. కింద గాలి వెచ్చగా ఉంటే కరిగి చినుకవుతుంది. మండు వేసవిలో మనల్ని తడిపే జడివానలోనూ ఎన్నో చినుకులు పైన మంచుగా పుట్టినవే. ఇన్నేళ్లయినా ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: చినుకు కన్నీటి బొట్టులా ఉంటుంది.

చిన్నది గుండ్రంగా, పెద్దది అడుగున చదునై బన్నులా ఉంటుంది. మరీ పెద్దదైతే గాలి ఒత్తిడికి చిట్లిపోతుంది.

అపోహ: వడగళ్లు చలి ఎక్కువైతే పడతాయి.

వాటికి కావలసింది పైకి ఎగదన్నే బలమైన గాలి. నేల బాగా వేడెక్కిన రోజుల్లో అది దొరుకుతుంది. ఒకసారి అప్పుడే పడ్డ వడగల్లును కోసి దీపం ముందు పెట్టి చూశాను. మధ్యలో తెల్లటి గింజ, చుట్టూ గాజు లాంటి పొర, దానిపైన మళ్లీ పాల రంగు పొర. నీరు చప్పున గడ్డకట్టిన చోట గాలి బుడగలు చిక్కుకుని తెల్లగా, నిదానంగా గట్టిపడిన చోట గాజులా ఉంటుంది. పైకీ కిందికీ పదిసార్లు తిరిగితేనే ఈ పొరలు వస్తాయనేది కూడా నిజం కాదు. నీరు ఎక్కువా తక్కువా ఉన్న చోట్ల మీదుగా ఒక్కసారి వెళ్లినా రావచ్చు.

అపోహ: ఆకుల మీద మంచు పైనుంచి కురుస్తుంది.

ఈ తికమకకు కొంత కారణం మన మాటే. పొద్దుటి బిందువులూ మంచే, పొగమంచూ మంచే, కొండల మీద కురిసేదీ మంచే. ఆకు మీది బిందువు ఎక్కడినుంచీ రాలలేదు. రాత్రి ఆకు చల్లబడితే, దాన్ని తాకిన గాలిలోని ఆవిరి అక్కడే నీరయింది.

అపోహ: మబ్బు కింద వాన తెర కనిపిస్తే అక్కడ నేల తడిసినట్టే.

కింద గాలి పొడిగా ఉంటే చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. అలాంటి రోజు మాపకం పొడిగానే ఉంటుంది. పుస్తకంలో సున్నా వేసి, తెర ఏ దిక్కున కనిపించిందో పక్కనే రాస్తాను.