పద్దెనిమిది నిండాక ఎక్కడికి?

ఒంగోలులోనో నెల్లూరులోనో భవిత కేంద్రానికి (వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వం నడిపే కేంద్రం) మేధో వైకల్యం ఉన్న బిడ్డను తీసుకొచ్చే అమ్మలకు ఒక వయసు దాటాక ఒకటే టెన్షన్. పద్దెనిమిది నిండితే ఎక్కడికి పంపాలి? వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత చదువు చట్టప్రకారం 6 నుంచి 18 ఏళ్ల వరకే. తర్వాత చేతిలో వైకల్య శాతం చూపే సదరం సర్టిఫికెట్ ఉంటుంది, పింఛను వస్తుంది. కుర్రాడు మాత్రం పొద్దస్తమానం అరుగు మీదే.

మొదటి నుంచీ మన పద్ధతి 'ముందు నేర్పిద్దాం, పని సంగతి తర్వాత చూద్దాం' అన్నట్టే సాగింది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ వచ్చింది. వృత్తి శిక్షణ అనగానే చాలాచోట్ల కొవ్వొత్తులు, కాగితం కవర్లు, ఫినాయిల్. నాలుగేళ్లు కవర్లు అంటించిన అమ్మాయికి ఊళ్లో ఆ ఉద్యోగం ఎవరిస్తారు? ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

చట్టమూ వీళ్లను ఆలస్యంగానే చూసింది. 1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం ఇచ్చి, దాన్ని చూపు, వినికిడి, కదలికల లోపాలున్నవారికి పంచింది. మేధో వైకల్యాన్ని వైకల్యంగా గుర్తించింది గానీ వాటా ఇవ్వలేదు. 2016 చట్టం 4 శాతం చేశాక, ఆ నాలుగో శాతంలో ఆటిజం, మానసిక అనారోగ్యం వంటివాటితో కలిపి చోటు దొరికింది. ప్రైవేటు కంపెనీలకైతే కచ్చితమైన కోటా ఏమీ లేదు. సిబ్బందిలో 5 శాతం వైకల్యం ఉన్నవారు ఉండేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలివ్వాలి, అదీ తన స్తోమతను బట్టి.

అసలు మలుపు వేరే దేశంలో వచ్చింది. 1970ల మొదట్లో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు, తీవ్ర మేధో వైకల్యం ఉన్నవారి చేత 15 ముక్కల సైకిల్ బ్రేకును బిగింపించాడు. రాకపోతే తప్పు నేర్పేవాడి పద్ధతిది అని ఆయన వాదన. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట చేయడం వీళ్లలో చాలామందికి కష్టమని కూడా తేలడంతో వరస తిరగబడింది. ముందు పనిలో పెట్టు, పక్కన ఒక జాబ్ కోచ్‌ను ఉంచి అక్కడే నేర్పు. 1986లో అక్కడి చట్టం ఈ పద్ధతిని గుర్తించింది.

1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో ఇది ఇంటర్న్‌షిప్ రూపం తీసుకుంది. అత్యవసర విభాగం చూసే ఎరిన్ రీల్ అనే నర్సుకు పెద్ద తలనొప్పి ఒకటుండేది. అరల్లో సామాన్లు సర్దే పనిలో మనుషులు నిలిచేవారు కాదు. ఆ పనికి మేధో వైకల్యం ఉన్న యువతను తీసుకోవచ్చు కదా అనుకుంది. జాలితో కాదు, అవసరంతో మొదలైంది కాబట్టే నిలబడిందని నాకనిపిస్తుంది. చదువు చివరి ఏడాది, తరగతి గది ఆసుపత్రిలోనే, ఏడాదిలో మూడు వేర్వేరు విభాగాల్లో పని.

మన దగ్గర 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలైంది. మొదలైనప్పుడు నెలకు 5,000 రూపాయలు, ఏడాది పాటు. కనీసం పదో తరగతి పాసై ఉండాలి. మన అరుగు మీది కుర్రాళ్లలో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు.

నెల్లూరులో సికింద్రాబాద్ సంస్థ కిందే ప్రాంతీయ కేంద్రం ఉంది. కావలసిన ఇంటర్న్‌షిప్‌లు దాని గోడల బయట: రొయ్యల ప్లాంట్లలో ప్యాకింగ్, పెద్దాసుపత్రిలో దుప్పట్ల స్టోరు, ట్రంకు రోడ్డు సూపర్ మార్కెట్లలో ర్యాకులు. సదరం కాగితం శాతం చెబుతుంది గానీ, ఆ పిల్ల తనంతట తాను జడ వేసుకుని కావలిలో బస్సెక్కి నెల్లూరులో దిగగలదా అన్నది చెప్పదు. ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారాలు ఆ బస్సుకే పోతాయి. ఈలోగా, పనిలో చేరితే 2024 జులైలో నెలకు 6,000 అయిన పింఛను ఎక్కడ పోతుందోనని ఇంట్లో భయం ఒకటి.