కొండ నదుల్లో సిల్ట్: నీటి రంగు చూసి లెక్క కట్టకండి

మాది ధవళేశ్వరం దగ్గర ఊరు. జూలైలో గోదారి ఎర్రబడగానే "కొత్త నీరొచ్చిందిరా" అనేది మా నాయనమ్మ. ఆ నీళ్లు బిందెలో పట్టి, ఇండుపగింజ అరగదీసి కలిపి, తేరేదాకా ఆగేవాళ్లం. సీజన్‌లో మొదటి వరదే అన్నిటికంటే చిక్కన, ఆ తర్వాత నీరు మెల్లగా పలచబడుతుంది అన్నది ఆమె లెక్క. గోదారి ఒడ్డున అది తప్పేమీ కాదు. నేను ఇంజినీరింగ్ చదివి, హిమాచల్‌ప్రదేశ్‌లో సట్లెజ్ లోయలో జలవిద్యుత్ ప్రాజెక్టుల కోసం సిల్ట్ కొలిచే పనిలో చేరాక మొదటి ఏడాదే ఆ లెక్క తిరగబడింది.

సిల్ట్‌ని అక్కడివాళ్లు 'గాద్' అంటారు. మనం ఒండ్రు, మేట, పూడిక, బురద అని సందర్భాన్ని బట్టి నాలుగు పేర్లు వాడతాం. నేను చెప్పబోయేది నీళ్లలో తేలుతూ వచ్చే మట్టి గురించి. నది అడుగున దొర్లే రాళ్లది వేరే కథ. వరద రాత్రి ఒడ్డున నిలబడితే అవి ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది. వాటిని సరిగ్గా కొలిచే సాధనం మా దగ్గరే లేదు.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, ఫోన్లలో, మీటింగుల్లో మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: నీళ్లు ఎంత పెరిగితే మట్టి అంత పెరుగుతుంది

వినడానికి సబబుగానే ఉంటుంది. మా రిపోర్టుల్లో కూడా ప్రవాహానికీ సిల్ట్‌కీ కలిపి ఒక గీత గీస్తాం. ఆ గీత పక్కన చుక్కలు ఎలా చెదిరి ఉంటాయో చూస్తే మాత్రం ఆ నమ్మకం పోతుంది. ఒకే ప్రవాహం ఉన్న రెండు రోజుల్లో, ఒక రోజు సిల్ట్ ఇంకో రోజుకి పది రెట్లు ఉండటం నేను చాలాసార్లు చూశాను.

నదికి మోసే బలం ఉంటే సరిపోదు, మోయడానికి వదులు మట్టి దొరకాలి. సట్లెజ్‌లో జూన్ నీళ్లలో ఎక్కువ భాగం చలికాలంలో కురిసిన మంచు కరిగి వచ్చినవి. నది పొంగినట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం ఓ మోస్తరుగానే మురికి. ఆగస్టుకి ఆ మంచు పోతుంది. అప్పుడు కరిగేది గ్లేసియర్ల (హిమానీనదాల) ఐసు. గ్లేసియర్ అంటే కొండ మీద పెట్టిన తిరగలి అనుకోండి. ఏడాది పొడవునా కింద రాయిని అరగదీస్తూనే ఉంటుంది. అక్కడి వేసవి (జూన్ నుంచి ఆగస్టు దాకా) ముదిరాక దాని అడుగున నీటి దారులు తెరుచుకుంటే, ఆ రాతి పిండి అంతా బయటకొస్తుంది. దానికి తోడు మంచు దుప్పటి పోయి వట్టి మట్టి వాలులు బయటపడి ఉంటాయి, వాటి మీద ఒక్క గట్టి వాన పడితే చాలు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2001-2009 మధ్య సట్లెజ్ మీదా, దాని ఉపనదుల మీదా ఎనిమిది చోట్ల రోజువారీగా నమోదైన కొలతలను పరిశోధకులు విశ్లేషిస్తే ఏడు చోట్ల ఇదే తేలింది. ఏడాది మొదట్లో మోసిన దానికంటే, వేసవి చివర్లో అంతే ప్రవాహం ఎక్కువ మట్టి మోస్తోంది. మా నాయనమ్మ లెక్కకి సరిగ్గా తలకిందులు.

అలాగని ప్రతి కొండ వాగూ ఇంతేనని కాదు. గేజ్‌కి (మేం నీటి మట్టం కొలిచే చోటుకి) దగ్గర్లోనే కొండచరియ జారితే, నీటి మట్టం పూర్తిగా పెరగకముందే మట్టి వచ్చి వెళ్లిపోతుంది. అందుకే మట్టం పెరిగాక శాంపిల్ తీద్దాంలే అని కూర్చుంటే అసలు సరుకు చేజారుతుంది.

అపోహ: రోజుకో శాంపిల్ తీస్తే చాలు

ఇది నేను చేసిన తప్పే. చిన్న ఉపనది ఒకటి, పైన గ్లేసియర్. రోజూ ఉదయం ఎనిమిదింటికి శాంపిల్. బరువైన ఇనుప చట్రంలో సీసా బిగించి, తీగ మీద నుంచి నీళ్లలోకి దించి, పైనుంచి మొత్తం లోతులో పదింట ఆరు వంతుల దగ్గర మూత తెరుస్తాం. మా వాళ్లు దాన్ని పంజాబ్ బాటిల్ అంటారు. పైకి తీసిన నీళ్లను ల్యాబ్‌లో జల్లెడ పడతాం. 0.2 మిల్లీమీటర్ల కంటే పెద్దది ముతక, 0.075 దాకా మధ్యరకం, ఆ కింద సన్నం. ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూకం వేస్తాం. లీటరుకి ఒక గ్రాము మట్టి ఉంటే సుమారు 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు).

జూలై అంతా నా రిజిస్టర్‌లో 1500కి అటూ ఇటూ అంకెలే. పవర్‌హౌస్‌లో మెకానికల్ ఫోర్‌మన్ మాత్రం "సాబ్, గైడ్ వేన్‌లు మీ అంకెలు చెప్పినట్టు అరగట్లేదు, రెండింతలు అరుగుతున్నాయి" అన్నాడు. గైడ్ వేన్లంటే టర్బైన్ చక్రం మీదకి నీటిని మళ్లించే రెక్కలు. ఆయన పాత సీజన్ ఫొటోలతో పోలుస్తున్నాడేమో అనుకుని వాదించాను. చివరికి విసుగొచ్చి, రెండు రాత్రులు వాగు దగ్గరే ఉండి రెండు గంటలకో సీసా నింపాం. సాయంత్రం ఆరింటికి మామూలే. రాత్రి పదింటికి నీళ్ల వాసనే మారింది, తడి సిమెంటు వాసన. ఒంటిగంట సీసాని హెడ్‌లైట్‌కి ఎదురుగా పెడితే వెలుగు అవతలికి రాలేదు, లోపల అభ్రకం తళుక్కుమంటోంది. తూకం వేస్తే ఉదయపు అంకెకి నాలుగు రెట్లు.

కారణం చాలా మామూలుది. ఎండకి గ్లేసియర్ ఎక్కువగా కరిగేది మధ్యాహ్నం. ఆ నీళ్లు మా గేజ్ దాకా దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. పొద్దున్నే ఎనిమిదింటికి నేను కొలిచింది రోజులో అన్నిటికంటే తేట నీటిని. నెలంతా అదే నిష్ఠగా చేశాను! ఆ ఫోర్‌మన్‌కి క్షమాపణ చెబితే టీ ఇప్పించమన్నాడు.

అపోహ: నీరు ఎంత బురదగా కనిపిస్తే టర్బైన్‌కి అంత చేటు

కంటికి బురదగా కనిపించేది సన్నటి మట్టి. ఇనుమును తినేది ఇసుక, అందులోనూ క్వార్ట్జ్. టర్బైన్ స్టీలు కంటే క్వార్ట్జ్ గట్టిది. బంకమట్టి నీళ్లు కాఫీ రంగులో ఉన్నా టర్బైన్‌కి పెద్ద దెబ్బ ఉండదు. బూడిదరంగు నీళ్లలో పదునైన సన్న ఇసుక ఉంటే ఒక్క సీజన్లోనే రన్నర్ (టర్బైన్‌లో తిరిగే చక్రం) అంచులు దువ్వెన పళ్లలా తయారవుతాయి. వేగం కలిస్తే సంగతి ఇంకా ముదురుతుంది. వేగం రెట్టింపైతే అరుగుదల దాదాపు ఎనిమిది రెట్లు.

అందుకే నీటి మసకను కొలిచే సెన్సర్ అంకెను నేరుగా పీపీఎం అనుకోకూడదు. వెలుగును సన్న మట్టి ఎక్కువ చెదరగొడుతుంది, అంతే బరువున్న ఇసుక చాలా తక్కువ. ప్రతి నదికీ, వీలైతే ప్రతి సీజన్‌కీ, సెన్సర్‌ని సీసా శాంపిల్‌తో పోల్చి సరిచూసుకోవాల్సిందే.

ఏ సైజు రేణువు ఎంతసేపట్లో దిగుతుందో ఇంట్లోనే చూడొచ్చు. కదలని నీళ్లలో మీటరు లోతు దిగడానికి 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువుకి నిమిషం కూడా పట్టదు. 0.02 మిల్లీమీటర్ల రేణువుకి ముప్పావుగంట. 0.002 మిల్లీమీటర్ల బంకమట్టికి మూడు రోజుల పైనే. సట్లెజ్ నీళ్లంత చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. ఆ చివరి రకాన్ని ముద్దకట్టించి దించడానికే మా ఇంట్లో ఇండుపగింజ. సట్లెజ్ మీద 1500 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు నాథ్‌పా ఝాక్రీలో సొరంగం మొదట్లో 525 మీటర్ల పొడవున్న నాలుగు డీసిల్టింగ్ ఛాంబర్లు (నీటి వేగం తగ్గించి మట్టిని దించే గదులు) కట్టారు. అంత పెద్దవి కట్టినా, వాటి లక్ష్యం 0.2 మిల్లీమీటర్ల కంటే పెద్ద రేణువులను ఆపడమే. మిగతాది టర్బైన్ దాకా పోతుంది. అందుకే సిల్ట్ 5000 పీపీఎం దాటితే అక్కడ మెషీన్లు ఆపేస్తారు. కరెంటు పోయినప్పుడు "ఇంత నీరుంటే కరెంటు తియ్యరేం" అని తిట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అపోహ: చెట్లు నరకడం వల్లే ఇదంతా

కొంత నిజం. రోడ్డు వెడల్పు చేసి మట్టినీ రాళ్లనీ వాలు మీంచి నదిలోకి నెట్టేస్తే సిల్ట్ పెరగక ఏమవుతుంది? దీన్ని నేను వెనకేసుకురాను. కానీ స్పితి లోయకి వెళ్లి చూడండి, నరకడానికి అసలు చెట్లే కనపడవు. చలి ఎడారి. వాన అరుదు. ఎప్పటివో సరస్సుల అడుగు మట్టీ, గ్లేసియర్లు వదిలిన రాళ్లగుట్టలూ వదులుగా పడి ఉంటాయి. ఏడాదికి రెండు మూడు గట్టి వానలు పడితే చాలు, స్పితి నది నల్లగా దిగి ఖాబ్ దగ్గర సట్లెజ్‌లో కలుస్తుంది.

అపోహ: వానాకాలం దాటితే భయం లేదు

2021 ఫిబ్రవరి 7. ఉత్తరాఖండ్‌లో ఏ వానా లేని చలికాలపు ఉదయం. రోంటీ శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ ఐసూ విరిగి కింద లోయలో పడింది. రాపిడి వేడికి ఐసు కరిగి, మొత్తం బురదగా మారి రిషిగంగ, ధౌలిగంగల వెంట దూకింది. చనిపోయినవాళ్లూ ఆచూకీ దొరకనివాళ్లూ కలిపి రెండు వందల మంది పైనే, చాలామంది ప్రాజెక్టుల దగ్గర పనిచేస్తున్న కూలీలు. మొదట్లో టీవీల్లో "గ్లేసియర్ పేలింది" అని తిప్పారు. అక్కడ పేలడానికి పెద్ద సరస్సేమీ లేదు. ఆ బురద గంగలో దిగి, కాలువల్లోకి చేరి, ఢిల్లీలో సోనియా విహార్, భాగీరథి నీటిశుద్ధి కేంద్రాల్లో ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది.

సిక్కింలో 2023 అక్టోబరు 3 రాత్రి కథ ఇంకోలా జరిగింది. సౌత్ ల్హోనక్ సరస్సు పక్కన గడ్డకట్టి ఉన్న మట్టిగట్టు జారి సరస్సులో పడింది. అల లేచి కట్ట తెగింది. తీస్తా మీద చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది. నాకు నిద్ర పట్టనివ్వని అంకె ఆ తర్వాత వచ్చిన అధ్యయనంలో ఉంది. సరస్సు నుంచి బయటకొచ్చిన నీళ్లు సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు, దారిలో ఆ వరద కోసుకుపోయిన మట్టీ రాళ్లూ సుమారు 27 కోట్లు. సరస్సులో ఎంత నీరుందో లెక్క కట్టి ప్రమాదం అంచనా వేసేవాళ్లకి ఇది తెలియాలి.

సట్లెజ్‌కీ ఈ అనుభవం ఉంది. 2004లో టిబెట్‌లో కొండచరియ పడి సట్లెజ్ ఎగువన ఉన్న పారీచూ నది సరస్సైంది, 2005 జూన్‌లో అది తెగి కిన్నౌర్‌లో వంతెనలూ రోడ్లూ పోయాయి. తెగబోతోందని ముందే తెలుసు కాబట్టి జనాన్ని ఖాళీ చేయించగలిగారు.

అపోహ: ఏడాది సగటు తెలిస్తే డ్యామ్ ఎన్నాళ్లు పనికొస్తుందో చెప్పేయొచ్చు

సట్లెజ్ మట్టి చివరికి భాక్రా రిజర్వాయర్‌లో దిగుతుంది. 1963లో జాతికి అంకితమైన ఆ డ్యామ్ నిల్వ సామర్థ్యంలో దాదాపు నాలుగో వంతు ఇప్పటికే పూడిపోయింది. మన దగ్గర శ్రీశైలం చూడండి, 308 టీఎంసీలతో మొదలై తర్వాతి సర్వేల్లో 215.8కి తగ్గింది. ఈ పూడిక ఏటా సమానంగా వాయిదాలు కట్టినట్టు వచ్చి పడదు. ఇందాక చెప్పిన సట్లెజ్ అధ్యయనంలోనే, లోయ పైభాగంలోని పొడి ప్రాంతాల్లో నూటికి ఒక్క రోజు లెక్కన వచ్చే అతి చిక్కని రోజులు మొత్తం మట్టిలో దాదాపు 30 శాతం మోశాయి. ఏడాదికి మూడు, నాలుగు రోజులు అన్నమాట.

చిక్కేమిటంటే సరిగ్గా ఆ మూడు, నాలుగు రోజులే మేం కొలవలేం. సీసా దించే తీగ తెగుతుంది, సెన్సర్ కొట్టుకుపోతుంది, గేజ్ దగ్గరకి పోయే దారి జారిపోతుంది. నేను మొదట చెప్పిన ఉపనది రిజిస్టర్‌లో నాలుగేళ్లలో అలాంటి ఖాళీలు ఆరున్నాయి. సగటు కట్టేటప్పుడు ఎవరో వాటిని ముందురోజూ మరుసటిరోజూ అంకెలు కలిపి సగం చేసి నింపేశారు. ఈసారి మేం నింపలేదు. అడ్డగీత గీసి, పక్కన "రోప్ తెగింది, నీళ్లు ప్లాట్‌ఫారం మీదకి వచ్చాయి, రాత్రి 11:40" అని రాశాం.