వంద కోట్ల అట్టముక్క వెనక కథ

2022 ఆగస్టులో అమెరికాలోని హెరిటేజ్ వేలంలో ఒక బేస్‌బాల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు పోయింది. అప్పటి మారకం ప్రకారం దాదాపు 100 కోట్ల రూపాయలు. అరచేతిలో ఇమిడిపోయే అట్టముక్క అది. దాని మీద న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మ. టాప్స్ కంపెనీ 1952లో వేసిన సెట్‌లో 311వ నంబరు.

ఇంత ధర పలికిందంటే లోకంలో అలాంటివి ఒకటో రెండో ఉంటాయనుకుంటాం. కానీ కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి మార్కులిచ్చే గ్రేడింగ్ కంపెనీల లెక్కల్లోనే ఈ మాంటిల్ కార్డులు వెయ్యికి పైన ఉన్నాయి. ఆ సెట్ ఆఖరి విడత (సిరీస్)లో మిగతా ఆటగాళ్లవాటికి రెట్టింపుగా అచ్చయిన మూడు కార్డుల్లో ఇదొకటి. పోనీ మాంటిల్ మొదటి కార్డా అంటే అదీ కాదు, 1951లోనే బౌమన్ కంపెనీ ఒకటి వేసింది. అయినా ధరలో దాన్ని ఇది ఎప్పుడో దాటేసింది.

ఈ చిక్కుముడి విప్పాలంటే ఇంకా వెనక్కి, సిగరెట్ పెట్టెల కాలానికి వెళ్లాలి. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ల బొమ్మలు పెట్టింది. కలెక్టర్లు ఆ సెట్‌ను టీ206 అంటారు. అందులో హోనస్ వాగ్నర్ కార్డు మధ్యలోనే ఆగిపోయింది. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనడం ఆయనకు ఇష్టం లేదని కొందరు, డబ్బు దగ్గర బేరం కుదరలేదని కొందరు అంటారు. ఏదైతేనేం, ఇప్పుడు బయట తెలిసినవి అరవై లోపే. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది.

మరి అదే సెట్‌లో జో డోయల్ అనే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) కార్డు ఒకటి ఉంది. పొరపాటున వేరే లీగ్ పేరు అచ్చయిన రకం పన్నెండు కూడా లేవు. అంటే వాగ్నర్ కన్నా ఎన్నో రెట్లు అరుదు. ధర మాత్రం వాగ్నర్ దరిదాపుల్లోకి రాదు. డోయల్ ఎవరో కార్డుల పిచ్చి ఉన్నవాళ్లకే తెలుసు, వాగ్నర్ పేరు బేస్‌బాల్ చూసే ఎవరిని అడిగినా చెప్తారు. అరుదైనంత మాత్రాన ధర రాదు, కావాలని కొట్టుకునేవాళ్లు ఉండాలి.

మళ్లీ 1952కి వద్దాం. మాంటిల్ ఉన్న ఆఖరి సిరీస్ సీజన్ చివర్లో దుకాణాలకు వచ్చింది. అప్పటికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదకు మళ్లింది, సరుకు మిగిలిపోయింది. ఏళ్ల తరబడి గోదాంలో చోటు తినేస్తున్న ఆ పెట్టెలను 1960లో పడవ మీదికెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆ సెట్ రూపకర్త సై బెర్గర్ తర్వాత చెప్పాడు. ఎవరికీ అక్కర్లేని రోజుల్లో జరిగిన ఈ పని తర్వాతి తరం కలెక్టర్లకు పురాణగాథ అయిపోయింది.

అమ్ముడుపోయినవాటి గతి కూడా అంతంతమాత్రమే. పిల్లలు రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కుకున్నారు, టపటపా శబ్దం రావాలని సైకిల్ చువ్వల మధ్య బిగించారు. వాళ్లు కాలేజీకి వెళ్లాక అమ్మలు చెత్తలో పడేశారు. అందుకే నాలుగు మూలలూ పదునుగా, అంచుల తెలుపు నాలుగు వైపులా సమానంగా ఉన్న కాపీలు అతి తక్కువ. అసలు కరువు అక్కడుంది. వంద కోట్ల కార్డుకు వచ్చిన గ్రేడు పదికి 9.5. 1991లో అదే కార్డు 50 వేల డాలర్లు. మాంటిల్‌ను చూస్తూ పెరిగిన పిల్లలు అప్పటికి డబ్బున్న పెద్దమనుషులయ్యారు.

కొత్త కార్డులు కూడా బంగారమవుతాయని 1980ల చివర్లో జనం డబ్బాలకు డబ్బాలు కొని అటకెక్కించారు. కంపెనీలు లెక్క లేకుండా అచ్చు వేశాయి. ఎవరూ పారేయలేదు కాబట్టి అన్నీ అలాగే ఉన్నాయి, చాలావాటికి చిత్తు కాగితం ధర కూడా రాదు. గ్రేడుకి ఇంత విలువ వచ్చాక మోసాలు రాకుండా ఉంటాయా? పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ మొట్టమొదట గ్రేడు ఇచ్చిన వాగ్నర్ కార్డు అంచులు, మూలలు పదునుగా కనిపించేలా కత్తిరించింది తానేనని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. అయినా ఆ కార్డుకు పరువేం తగ్గలేదు, అపఖ్యాతి కూడా పేరేనేమో!

కోవిడ్ కాలంలో గిరాకీ ఎంత చంచలమో ఇంకోసారి తేలింది. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్‌ది 1986 నాటి ఫ్లీర్ కంపెనీ కార్డు, పదికి పది గ్రేడుది, 2021 జనవరిలో 7,38,000 డాలర్లు పలికింది. ఆ గ్రేడువి అప్పటికే మూడు వందలకు పైగా ఉన్నాయి, ఆ సంగతి కొన్నవాళ్లకూ తెలుసు. కొద్ది నెలలకే అలాంటిదే రెండు లక్షల లోపు దొరికింది.